ఆరు టైర్ల కుక్క

మా అమ్మకి నడుము నొప్పి. మామూలు నొప్పి కాదు. డిస్క్ జరిగి, నడుము దగ్గర మొదలై ఎడమ కాలి మడమ దాకా లాగే నొప్పి. మొన్న వేసవి సెలవుల్లో వారానికి ఒకసారి ఆమెని పాడేరు నుంచి విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి, మళ్ళీ తీసుకురావడం నా డ్యూటీ. నాన్న ఉద్యోగం వేరే ఊళ్ళో. ఇంట్లో లైసెన్స్ ఉన్నది ఇంక నాకే. అది కూడా వచ్చి ఏడాది కాలేదు.

అమ్మ వెనక సీట్లో రెండు దిండ్లు పెట్టుకుని పడుకుని వచ్చేది. ఆమెకి రోడ్డు కనబడదు. కిటికీలోంచి చెట్ల కొసలు, ఆకాశం, అంతే. కారు ఎక్కడ కుదిపినా వెనక నుంచి చిన్నగా "హుఁ" అని వినిపించేది. అరుపు కాదు, తిట్టు కాదు. ఊపిరి ఒక్క క్షణం ఆగి వదిలినట్టు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

పాడేరు ఘాట్ చూడని వాళ్ళ కోసం: పాడేరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. విశాఖ అంటే సముద్రమే. మధ్యలో దాదాపు 110 కిలోమీటర్లు. కానీ ఆ ఎత్తు అంతా 110 కిలోమీటర్లలో మెల్లగా దిగదు. ఎక్కువ భాగం ఘాట్‌లోనే దిగిపోతుంది. మలుపు, మలుపు, మళ్ళీ మలుపు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఎదురుగా ఆర్టీసీ బస్సు, జీపు నిండా జనం, అప్పుడప్పుడు మేకలు.

మొదటి ట్రిప్పులోనే ఒక విషయం అర్థమైంది. అమ్మ "హుఁ"లలో సగం రోడ్డు మీద గోతులవి. మిగతా సగం నావి. మలుపు ముందు థర్డ్ గేర్ నుంచి సెకండ్‌కి దించి క్లచ్ వదిలిన ప్రతిసారీ కారు ముందుకి తూలినట్టు ఒక కుదుపు. దాని వెనకే ఒక "హుఁ". గోతుల్ని నేను పూడ్చలేను. నావి మాత్రం నేనే తగ్గించాలి కదా.

సీఎస్ స్టూడెంట్‌ని. కోడ్‌లో ఎర్రర్ వస్తే ఏం చేస్తానో ఇక్కడా అదే చేశాను. సెర్చ్ చేశాను. అలా దొరికింది హీల్-టో.

ఆ వీడియో మీలో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు చూసే ఉంటారు. ఐర్టన్ సెన్నా, జపాన్‌లోని సుజుకా ట్రాక్ మీద హోండా ఎన్ఎస్ఎక్స్ నడుపుతాడు. కెమెరా ఆయన కాళ్ళ దగ్గర. రేసింగ్ షూస్ కూడా కాదు, మామూలు లోఫర్లు, తెల్ల సాక్సు. ఎడమ కాలు క్లచ్ మీద. కుడి కాలు బ్రేకు మీద ఉంటూనే, అదే కాలి పక్క భాగం ఎక్సలేటర్‌ని టక్‌మని తాకుతుంది. ఒక్క కాలు రెండు పెడల్స్ మీద. ఇంజన్ ఒక్కసారి "వ్రూమ్" అంటుంది, గేరు దిగుతుంది, కారు ఏమీ జరగనట్టు మలుపు తిరుగుతుంది. నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఎందుకలా చేస్తారో చెప్తాను, సింపుల్‌గా. క్లచ్ అంటే రెండు పళ్ళేలు అనుకోండి. ఒకటి ఇంజన్‌తో తిరుగుతుంది, ఇంకోటి గేర్‌బాక్స్ ద్వారా చక్రాలతో కలిసి తిరుగుతుంది. మా కారు మీటర్ చూసి నేను నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్క ఇది: 40 స్పీడులో థర్డ్ గేర్‌లో ఇంజన్ నిమిషానికి దాదాపు 1800 సార్లు తిరుగుతుంది. అదే 40లో సెకండ్‌లో అయితే దాదాపు 2700. అంటే ఒకటిన్నర రెట్లు. మనం క్లచ్ తొక్కి గేరు దించేలోపు ఇంజన్ మాత్రం 1000 వైపు పడిపోతూ ఉంటుంది. అప్పుడు క్లచ్ వదిలితే, నిదానంగా తిరిగే పళ్ళేన్ని వేగంగా తిరిగే పళ్ళెం బలవంతంగా లాగుతుంది. ఆ లాగుడుకి కావలసిన శక్తి చక్రాల నుంచే రావాలి. అందుకే కారు ఒక్కసారి పట్టేసినట్టు అవుతుంది. అదే కుదుపు.

మందు ఏంటంటే, క్లచ్ వదిలే ముందు మనమే చిన్న రేజ్ ఇచ్చి ఇంజన్‌ని 2700 దగ్గరికి తీసుకెళ్ళడం. రెండు పళ్ళేలూ ఒకే వేగంలో కలుస్తాయి. కుదుపు ఉండదు. దీన్నే రెవ్ మ్యాచింగ్ అంటారు. కానీ బ్రేకు వేస్తూ ఉన్నప్పుడు రేజ్ ఇవ్వాలంటే కుడి కాలు ఖాళీ లేదు. కాలు తీస్తే బ్రేకు పోతుంది. అందుకే ఒకే కాలితో రెండూ. అదే హీల్-టో.

నిజానికి ఈ విద్య రేసుల్లోనే పాతబడిపోయింది. 1989లో ఫెరారీ, స్టీరింగ్ వెనక మీటలతో గేరు మార్చే ఫార్ములా వన్ కారు తెచ్చి మొదటి రేసే గెలిచింది. తర్వాత అందరూ ఆ దారే పట్టారు. 2009 మోడల్ నిస్సాన్ 370జెడ్‌లో అయితే మాన్యువల్ గేర్ ఉన్నా రేజ్ సంగతి కంప్యూటరే చూసుకునేది. ఆలోచిస్తే అది పెద్ద ప్రోగ్రామ్ కూడా కాదు. స్పీడు తీసుకో, గేరు నిష్పత్తితో గుణించు, అంత రేజ్ ఇవ్వు. మన ఫస్ట్ ఇయర్ ల్యాబ్ లెవెల్ లాజిక్. కానీ మా నాన్న పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఆ కోడ్ లేదు. ఆ కోడ్ నా కాలిలోనే రాయాలి.

ప్రాక్టీస్ మొదలుపెట్టాను. ముందు ఇంటి ముందు ఇంజన్ ఆపేసి. మొదటి సమస్య: నా పాదం సైజు అయిదు. బ్రేకుకీ ఎక్సలేటర్‌కీ మధ్య దూరం నా పాదం కంటే ఎక్కువ అనిపించేది. రెండో సమస్య: మా కారులో బ్రేకు పెడల్ ఎక్సలేటర్ కంటే ఎత్తులో ఉంటుంది. బ్రేకు గట్టిగా తొక్కితేనే రెండూ ఒక లెవెల్‌కి వస్తాయి. మెల్లగా తొక్కితే మడమ అందదు. మూడో సమస్య నా చెప్పులు. అది సమస్య అని అప్పుడు నాకు తెలియదు.

ఊరి బయట ఖాళీ రోడ్డు మీద రెండు రోజులు పొద్దున్నే తిప్పాను. పదిసార్లలో మూడుసార్లు కుదిరేది. కుదిరినప్పుడు వచ్చే ఆ "వ్రూమ్" ఉంది చూడండి, దాని కోసం ఏమైనా చెయ్యొచ్చు అనిపించేది. ఇక్కడే నేను తప్పు చేశాను. పదికి మూడు మార్కులు వచ్చిన సబ్జెక్టుని తీసుకెళ్ళి ఘాట్‌లో రాశాను. వెనక సీట్లో అమ్మని పెట్టుకుని.

మూడో ట్రిప్పు. అమ్మవారి పాదాలు దాటి దిగుతున్నాం. ఎడమ వైపు మలుపు. బ్రేకు తొక్కి, క్లచ్ తొక్కి, సెకండ్ వేసి, పాదం పక్కకి వాల్చాను. చెప్పు అంచు ఎక్సలేటర్ మీద ఇరుక్కుంది. బ్రేకు మీద ఉన్న వేళ్ళు జారాయి. బ్రేకు సగం వదిలేశాను, రేజ్ మాత్రం పూర్తిగా ఇస్తున్నాను. ఇంజన్ గట్టిగా అరిచింది. భయపడి క్లచ్ వదిలేశాను. కారు ముందుకి దూకి, మలుపు లోపలికి తిరగాల్సింది రోడ్డు మధ్యకి వెళ్ళిపోయింది. ఎదురుగా ఎక్కుతున్న ఆర్టీసీ బస్సు. హారన్. కాలు లాగేసి రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాను. కారు ఆగింది. బస్సు ముందే ఆగింది. మధ్యలో ఒక మనిషి పడుకునేంత జాగా ఉంది, అంతే.

వెనక నుంచి ఈసారి "హుఁ" రాలేదు. అమ్మ అరిచింది. నా పేరు పెట్టి అరిచింది. సీటు మీద నుంచి సగం కిందకి జారిపోయి ఉంది.

"ఏమైందే?" అంది, కళ్ళల్లో నీళ్ళతో.

"కుక్క అడ్డొచ్చిందమ్మా," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. నోరు దానంతట అదే అనేసింది. బస్సు డ్రైవర్ నా వైపు ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. ఆ వారం అమ్మ రెండు రోజులు మంచం దిగలేదు. "పాపం కుక్కకేం కాలేదు కదా?" అని అడిగింది. లేదన్నాను. ఆ రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

ఇక్కడ మా మావయ్య గురించి చెప్పాలి. అమ్మకి అన్నయ్య. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. ఈ ఘాట్ ఎన్ని వేల సార్లు ఎక్కి దిగాడో ఆయనకే తెలియదు. చిన్న ఊళ్ళో అందరూ అందరికీ తెలుసు. డ్రైవర్లయితే మరీ. మూడో రోజు సాయంత్రం ఇంటికొచ్చి, అమ్మని పలకరించి, టీ తాగి, నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఏటే కోడలా, కుక్క అడ్డొచ్చిందంట?"

"అవును మావయ్యా."

"ఆ కుక్కకి ఆరు టైర్లున్నాయంట కదా?"

నాకు మాట రాలేదు. ఏడుపొచ్చింది. అంతా చెప్పేశాను. సెన్నా దగ్గర నుంచి చెప్పు ఇరుక్కోవడం దాకా. ఫోన్‌లో వీడియో కూడా చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాడు. తిడతాడనుకున్నాను. "కాళ్ళు బావున్నాయి ఈయనవి," అన్నాడు. తర్వాత అన్నాడు: "నేర్పుతాను. ముందు మీ అమ్మకి నిజం చెప్పు. అప్పుడే కారు తాళం."

ఆ రాత్రి చెప్పాను. అమ్మ కోప్పడలేదు. గోడ వైపు తిరిగి పడుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "వెనక పడుకుంటే నాకు రోడ్డు కనబడదు కదే. ఏమైందో నువ్వు చెప్తేనే నాకు తెలిసేది."

అంతే అంది. నాకు ఇంతవరకూ ఎవరూ ఇంతకంటే పెద్ద తిట్టు తిట్టలేదు.

తర్వాతి వారం ట్రిప్పు మావయ్యే నడిపాడు. నేను పక్క సీట్లో కూర్చుని ఆయన కాళ్ళు చూశాను. వింతగా, ప్రతి గేరుకీ ఎడమ కాలు రెండుసార్లు కదిలేది. క్లచ్ తొక్కి న్యూట్రల్, వదిలి చిన్న రేజ్, మళ్ళీ క్లచ్ తొక్కి కింది గేరు. డబుల్ క్లచ్. ఆయన నేర్చుకున్న రోజుల్లో బళ్ళకి సింక్రోమెష్ ఉండేది కాదు. అంటే గేర్‌బాక్స్ లోపల పళ్ళ వేగాల్ని కలిపే ఏర్పాటు ఏదీ లేదు. డ్రైవరే రేజ్ ఇచ్చి కలపాలి. లేకపోతే గర్ర్‌మని అరిచి గేరు పడదు. మా కారుకి అది అక్కర్లేదని చెప్పాను. "తెలుసే. కాలికి తెలీదు," అన్నాడు. నేను యూట్యూబ్‌లో కొత్తగా కనిపెట్టాననుకున్న రెవ్ మ్యాచింగ్, మా ఇంట్లోనే ముప్పై ఏళ్ళుగా ఖాకీ చొక్కా వేసుకుని తిరుగుతోందన్నమాట.

ఆ రోజు వెనక నుంచి "హుఁ"లు లెక్కపెట్టాను. ఘాట్ మొత్తానికి ఆరు. అన్నీ గోతులవే.

ఇంకో విషయం కూడా గమనించాను. దిగేటప్పుడు ఆయన గేర్లు మార్చిందే తక్కువ. అడిగాను.

"ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగాలి. పైనుంచే సెకండ్‌లో పెట్టుకో. ఇంజనే బండిని పట్టుకుంటాది. బ్రేకు మీద పడి దిగితే అవి వేడెక్కిపోతాయి, కావాల్సినప్పుడు పట్టవు. మలుపులోకి వచ్చాక గేరు కోసం తడుముకుంటున్నావంటే నువ్వు ఆలస్యం అయిపోయినట్టే."

అప్పుడు నాకు సెన్నా వీడియో వేరేలా అర్థమైంది. రేసులో బ్రేకు ఎంత ఆలస్యంగా వేస్తే అంత గొప్ప. కావాలనే ఆలస్యం చేస్తారు. అందుకే బ్రేకూ గేరూ రెండూ ఒకేసారి అవసరం, అందుకే హీల్-టో. ఘాట్‌లో ఎంత ముందుగా వేస్తే అంత గొప్ప. నేను సమాధానం చూసి ఇంప్రెస్ అయిపోయాను కానీ, ప్రశ్న వేరే అని చూసుకోలేదు. ఎగ్జామ్స్‌లో కూడా నాకు ఇదే జబ్బు.

మరునాటి నుంచి పాఠాలు. మొదటి రూల్: చెప్పులు బంద్. పల్చటి అడుగు ఉన్న కాన్వాస్ షూస్. రెండో రూల్: హీల్-టో మాట ఎత్తకూడదు. సమంగా ఉన్న రోడ్డు మీద, బ్రేకు ముట్టుకోకుండా, 40లో థర్డ్ నుంచి సెకండ్. క్లచ్, గేరు, చిన్న రేజ్, వదులు. మూడో రూల్: మీటర్ చూడకూడదు. "చెవితో వినవే. బండి చెప్తాది." నా నోట్‌బుక్‌లోని 2700 మెల్లగా ఒక చప్పుడుగా మారింది.

ఇక పరీక్ష పద్ధతి. మావయ్య వెనక సీట్లో, అమ్మ దిండ్ల మీద, అమ్మలాగే పడుకుని కళ్ళు మూసుకునేవాడు. నేను గేరు దించినప్పుడల్లా తెలిస్తే "తెలిసింది" అనేవాడు. మొదటి రోజు ఇరవైసార్లు దించాను. ఇరవైసార్లూ "తెలిసింది". నాలుగో రోజుకి పదకొండు. వారానికి అయిదు. ఒకసారి ఏడెనిమిది గేర్ల దాకా ఏమీ అనకపోతే, నేను పొంగిపోయి అద్దంలో చూశాను. నిజంగానే నిద్రపోయాడు. లేచాక, "బస్సులో కూడా ఇదే లెక్క. పడుకున్న పాసింజరు గేరుకి లేవకూడదు. గోతికి లేస్తే మన తప్పు కాదు," అన్నాడు.

చివర్లో, నేను అడక్కుండానే, "ఇప్పుడు నీ మడమ విద్య చేసుకో," అన్నాడు. మళ్ళీ ఖాళీ రోడ్డు. ఈసారి తెలిసి చేశాను. మడమతో కాదు, నిజానికి పేరు అదే కానీ. కుడి పాదం బొటనవేలి కింద ఉండే మెత్తటి భాగం బ్రేకు కుడి అంచు మీద పెట్టి, బ్రేకు మీద బరువు మారకుండా, చిటికెన వేలి పక్క పాదాన్ని ఎక్సలేటర్ మీదకి దొర్లించడం. తొక్కడం కాదు, దొర్లించడం. కష్టమంతా రేజ్‌లో లేదు. రేజ్ ఇస్తున్నప్పుడు బ్రేకు కదలకుండా ఉంచడంలో ఉంది. ఆ పని సెన్నా వీడియోలో కనబడదు. ఎందుకంటే కదలనిది కెమెరాకి కనబడదు.

పదికి ఎనిమిది వచ్చే దాకా మావయ్య తాళం ఇవ్వలేదు. ఇచ్చాక కూడా ఒక మాట: "వచ్చింది కదా అని వాడకు. అవసరమైతే అదే వస్తాది."

సెలవుల్లో ఆఖరి ట్రిప్పు. పైనుంచే సెకండ్, ఇంజన్ పట్టుకుని దిగుతోంది. కాస్త చదునుగా ఉన్న చోట థర్డ్ వేశాను. వెంటనే వచ్చిన మలుపు అవతల, రోడ్డు మీదే ఒక జీపు ఆగి ఉంది. జనం దిగుతున్నారు. బ్రేకు గట్టిగానే తొక్కాను. తొక్కుతూనే ఉన్నాను. ఎడమ కాలు క్లచ్ తొక్కింది, చెయ్యి సెకండ్‌కి లాగింది, కుడి పాదం దానంతట అదే దొర్లింది. ఇంజన్ చిన్నగా లేచింది, సెకండ్ పడింది. కారు పట్టేసినట్టు కాలేదు, తూలలేదు. మెల్లగా, జీపుకి చాలా దూరంలోనే, నడిచే వేగానికి వచ్చేసింది. సెన్నాలా ఏం లేదు. బయట నుంచి చూసేవాళ్ళకి ఒక అమ్మాయి కారు స్లో చేసింది, అంతే.

నేను ఊపిరి బిగబట్టి వెనక నుంచి "హుఁ" కోసం ఎదురుచూశాను. రాలేదు.

"ఏమైందే, స్లో చేశావు?" అంది అమ్మ.

"జీపు అడ్డొచ్చిందమ్మా."

ఒక్క క్షణం ఆగి, "నిజంగా జీపేనా?" అంది.

"నాలుగు టైర్లున్నాయి. లెక్కపెట్టే చెప్తున్నా."

అమ్మకి నవ్వొచ్చింది. ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ, "నవ్వించకే, నడుము పట్టేస్తోంది... హుఁ!" అంది.

ఆ రోజు ఘాట్ మొత్తానికి లెక్క: నాలుగు. మూడు గోతులవి. ఒకటి నవ్వుది.